పూటకూటి యింటి తల్లి

ఓరుగల్లును వర్ణించిన క్రీడాభిరామమునందే రూక యిచ్చినవానికి కమ్మని భోజనము పెట్టు పూటకూటియిల్లు కానవచ్చుచున్నది గనుక, బాటసారికి వెలకు అన్నమమ్ము వృత్తి తెలుగునాట నిన్న మొన్న పుట్టినది కాదు. అయినను, అన్నవిక్రయము పాపమను భావము పాతుకొనిన సంఘమున, దిక్కులేని వితంతువులకు అదియే జీవనాధారమయ్యును, దానికి గౌరవము మాత్రము దక్కలేదు. 1892లో తొలిసారి ప్రదర్శింపబడిన కన్యాశుల్కమున పూటకూళ్లమ్మ చీపురుకట్టతో గిరీశమును వెదకుచు రాగా నవ్వినవారే కాని, ఆమె కట్టెపొగలో ఎన్ని యేండ్లు కన్నులు మండించుకొన్నదో తలచినవారు అరుదు.

టంగుటూరి ప్రకాశంపంతులుగారి తల్లి సుబ్బమ్మగారు ఈ వృత్తినే చేపట్టిరి. 1872లో వినోదరాయునిపాలెమున జన్మించిన ప్రకాశంగారికి 11వ యేట పితృవియోగము కలుగగా, ఆమె బిడ్డలను వెంటబెట్టుకొని ఒంగోలు చేరి, లోకుల చిన్నచూపును లెక్కసేయక భోజనశాల నడపి, వారిని పోషించిరి. వచ్చిన రాబడి చాలక, కుమారుడు సంపన్నుల యిండ్లలో పనులు చేసెను. ఒకప్పుడు పరీక్షకు కట్టవలసిన మూడు రూపాయలు ఎచ్చటను పుట్టకపోగా, ఆ తల్లి తన పట్టుచీరను కుదువబెట్టి ఆ సొమ్ము సమకూర్చెను. పెట్టెయడుగున దాచుకొన్న పట్టుచీర ఆనాటి పేదయింట ఇల్లాలికి కడపటి ఆస్తి. అది గడప దాటినదన్న, ఇక అమ్ముటకు ఏమియు మిగులలేదన్నమాట.

ఆ బాలుడు బారిస్టరై, 1946లో మద్రాసు ప్రధానిగను, 1953లో ఆంధ్రరాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రిగను పదవి వహించెను. ఆయన చరిత్రను వ్రాయువారు ఆ వంటయింటి లెక్కను మొదటి పుటలోనే వ్రాయుట న్యాయము.