నోరులేని జీవాలకు ఒక గంట

తెలుగులో 'నోరులేని' అన్న మాటను రెండు చోట్ల వాడతాం. ఎద్దునీ మేకనీ నోరులేని జీవాలంటాం. దొర ముందు, ఆఫీసరు ముందు, ఆసుపత్రి కౌంటరు ముందు నిలబడి తన కష్టం చెప్పుకోలేని మనిషినీ 'పాపం, నోరులేనివాడు' అంటాం. ఈ రెండు వాడుకలూ ఒకే గూటికి చేరిన చోటు ఒకటి ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఉంది. ఫిట్జ్‌రాయ్ పేటలో, స్మిత్ వీధిలో ఉన్న త్రీ సీఆర్ అనే కమ్యూనిటీ రేడియో అది. 1976లో మొదలై, ఇప్పటికీ మీడియం వేవ్ మీద 855 కిలోహెర్ట్జ్ దగ్గర పలుకుతోంది. మైకు ముందు కూర్చునేవాళ్ళు జీతం లేని స్వచ్ఛంద కార్యకర్తలు. కార్మిక సంఘాలకు, ఆదివాసులకు, వలస వచ్చినవాళ్ళకు, వికలాంగులకు అక్కడ సొంత కార్యక్రమాలున్నాయి. 2002 నుంచి ఏటా ఆదివాసీ వారోత్సవాల్లో విక్టోరియా జైళ్ళ లోపలి నుంచి ఖైదీల గొంతులను ప్రత్యక్షంగా వినిపిస్తున్నారు. ఆ వరుసలోనే ఆదివారం నాడు 'ఫ్రీడమ్ ఆఫ్ స్పీసీస్' అనే జంతు హక్కుల కార్యక్రమం వస్తుంది. కెనడాలోని వాంకూవర్ కో-ఆప్ రేడియోలో 'యానిమల్ వాయిసెస్'ది కూడా ఇలాంటి స్థానమే.

ఈ ఇరుగుపొరుగుతనం చాలామందికి మింగుడు పడదు. జైల్లో మగ్గుతున్న ఆదివాసీ బాధ పక్కన కోడి బాధ పెట్టడమేమిటని అడుగుతారు. పట్టణంలో పొట్ట నిండినవాళ్ళ కొత్త మోజు ఇదనీ, పాత పోరాటాల రేడియోలోకి దొడ్డిదారిన వచ్చి చేరిందనీ అంటారు. చరిత్ర చూస్తే సంగతి వేరుగా ఉంది. జంతువుల పక్షాన మాట్లాడడం, అణగారిన మనుషుల పక్షాన మాట్లాడడం మొదట్లో ఒకే ఇంట పుట్టాయి. ఆ రెంటినీ విడదీసినప్పుడల్లా జంతు ప్రేమ పేదవాడి మీద లాఠీగా మారింది. జీతం లేని రేడియో చేస్తున్న పని ఆ తెగిన ముడిని మళ్ళీ వేయడమేనని నా వాదన.

ముందు లండన్ సంగతి చూద్దాం. 1824లో అక్కడ ఒక కాఫీ హౌస్‌లో జంతు హింస నివారణ సంఘం పుట్టింది. ఆ సమావేశంలో ఉన్నవాళ్ళలో విల్బర్‌ఫోర్స్ ఒకడు. బానిస వ్యాపారాన్ని రద్దు చేయించడానికి పార్లమెంటులో ఏళ్ళ తరబడి పోరాడిన మనిషే ఆయన. అంతకు రెండేళ్ళ ముందు, 1822లో, రిచర్డ్ మార్టిన్ పట్టుబట్టి పశువుల్ని క్రూరంగా కొట్టడాన్ని నేరం చేసే చట్టం తెచ్చాడు. ఆరంభం ఇంత బాగున్నా ఆ చట్టం చేయి ఎవరి మీద పడిందో గమనించాలి. కోర్టుకెక్కినవాళ్ళు ఎక్కువగా బండి తోలేవాళ్ళు, పశువుల్ని సంతకు తోలుకుపోయేవాళ్ళు. దొరలు గుర్రాలెక్కి, వేటకుక్కల గుంపుతో నక్కను తరిమి చీల్పించే వేటను నిషేధించే చట్టం మాత్రం ఇంగ్లండులో 2004లో గానీ రాలేదు. బండివాడి కొరడాకూ దొరవారి వేటకూ మధ్య 182 ఏళ్ళ తేడా. జంతువుల నొప్పిని తూచే తక్కెడ మనుషుల హోదాను బట్టి మొగ్గిందని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. సామాజిక న్యాయం లేని జంతు దయ ఎటు పోతుందో ఆ 182 ఏళ్ళలోనే కనిపిస్తుంది.

దీనికి ఎదురుగా నిలిచిన ఘటన కూడా లండన్‌లోనే జరిగింది. 1903 ఫిబ్రవరిలో యూనివర్సిటీ కాలేజీలో వైద్య విద్యార్థుల ముందు ఒక గోధుమరంగు కుక్కను కోసి ప్రయోగం చేశారు. చూస్తున్నవాళ్ళలో ఇద్దరు స్వీడిష్ యువతులున్నారు. కుక్కకు సరిగా మత్తు ఇవ్వలేదని వాళ్ళు రాశారు. ఆ ఆరోపణను బహిరంగ సభలో వినిపించిన జంతు ప్రయోగాల వ్యతిరేక ఉద్యమ నాయకుడి మీద ప్రయోగం చేసిన శాస్త్రవేత్త బేలిస్ పరువునష్టం దావా వేసి గెలిచాడు; 2,000 పౌండ్ల పరిహారం వచ్చింది. కోర్టులో ఓడిన పక్షం 1906లో బాటర్‌సీ అనే కార్మికుల పేటలో ఆ కుక్కకు స్మారకం కట్టింది. ఆ కట్టడం తీరు చూడండి: గ్రానైటు దిమ్మె, దాని మీద కంచు కుక్క. మనుషులు దాహం తీర్చుకోవడానికి పైన నీటి ధార, కుక్కలూ గుర్రాలూ తాగడానికి కింద తొట్టి. పనికి పోయే కూలీ, అతని బండి గుర్రం ఒకే దిమ్మె దగ్గర నీళ్ళు తాగాలన్నది ఆ కట్టడంలోని ఆలోచన.

బాటర్‌సీ కార్మికులకు ఆ కుక్క మీద అంత మమకారం ఎందుకు? ధర్మాసుపత్రుల్లో తమ శరీరాలు కూడా వైద్య విద్యార్థులకు అభ్యాస వస్తువులేనన్న భయం ఆ పేదల్లో ఉంది. ఇవాళ కుక్క పడుకున్న బల్ల మీద రేపు మనం పడుకోవాల్సి వస్తుందేమోనని వాళ్ళ గుబులు. 1907 డిసెంబరులో విగ్రహాన్ని కూల్చాలని దాదాపు వెయ్యి మంది విద్యార్థులు ట్రఫాల్గర్ చౌరస్తా దగ్గర గుమిగూడారు. ఆ నెలలోనే వోటు హక్కు అడిగే స్త్రీల సభలోకి చొరబడి గోల చేశారు. విగ్రహానికి కాపలా కాసింది మాత్రం కార్మికులు, సోషలిస్టులు, వోటు హక్కు కోరిన స్త్రీలు. 1910 మార్చిలో ఒక రాత్రి 120 మంది పోలీసుల బందోబస్తు మధ్య పురపాలక సంఘమే విగ్రహాన్ని పీకించింది. వైద్య పరిశోధన వల్ల మనిషికి మేలు జరగలేదని నేననను; బేలిస్ ఆ కుక్క ప్రయోగానికి ముందటి ఏడు, సహచరుడు స్టార్లింగ్‌తో కలిసి, జీర్ణక్రియలో పనిచేసే సీక్రెటిన్‌ను కనుగొన్నవాడు. నేను చెప్పేది ఒక్కటే: జంతువు బాధనూ తమ బాధనూ ఒకే చూపుతో చూడడం చదువుకున్నవాళ్ళు పేదలకు నేర్పిన పాఠం కాదు. అది వాళ్ళ సొంత అనుభవంలోంచి వచ్చింది.

ఇలాంటి చూపుకు రేడియోలో చోటు దొరకడానికి మరో చరిత్ర కావాల్సి వచ్చింది. 1940ల చివర్లో బొలీవియా తగరపు గనుల కార్మికులు తమ కూలి డబ్బుల్లోంచి వాటాలు వేసుకుని సొంత స్టేషన్లు పెట్టుకున్నారు. 1949లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో, యుద్ధానికి వెళ్ళనని నిరాకరించిన లూయిస్ హిల్ అనే శాంతివాది, ప్రకటనల మీద ఆధారపడకుండా శ్రోతల చందాలతో నడిచే కేపీఎఫ్‌ఏ స్టేషన్ మొదలుపెట్టాడు. ఆస్ట్రేలియాలో 1970ల దాకా ప్రభుత్వ రేడియో, వ్యాపార రేడియో తప్ప మూడోది లేదు. విట్లమ్ ప్రభుత్వ హయాంలో ఆ తలుపు తెరుచుకున్నాక త్రీ సీఆర్ వచ్చింది. 1975లో 'యానిమల్ లిబరేషన్' పుస్తకం రాసిన పీటర్ సింగర్ పుట్టి పెరిగింది కూడా ఈ మెల్‌బోర్న్‌లోనే. స్టేషనూ పుస్తకమూ ఏడాది తేడాతో వచ్చాయి.

ఇక్కడ డబ్బు సంగతి తేల్చుకోవాలి. వ్యాపార రేడియో బతికేది ప్రకటనల మీద. మాంసం, పాలు, గుడ్లు, వాటిని అమ్మే సూపర్ మార్కెట్లు, హోటళ్ళు ఆ ప్రకటనల్లో పెద్ద భాగం. అలాంటి స్టేషన్‌లో పెంపుడు కుక్కకు ఏ తిండి మంచిదో గంటసేపు చెప్పొచ్చు; బోనులో కోడికి ఎంత జాగా దొరుకుతుందో వారం వారం చెప్పడం కుదరదు. ఎవరో కుట్ర చేస్తారని కాదు. ఆ లెక్కే అట్లా ఉంటుంది. త్రీ సీఆర్‌లో ఏటా జూన్‌లో 'రేడియోథాన్' నడుస్తుంది. కార్యక్రమాలు నడిపేవాళ్ళే మైకులో శ్రోతల్ని విరాళం అడుగుతారు. గుడ్ల కంపెనీ దగ్గర చేయి చాచని మనిషికి గుడ్ల కంపెనీ గురించి మాట్లాడే స్వేచ్ఛ ఉంటుంది. జీతం లేకపోవడం కార్యకర్తకు కష్టమే. గొంతుకు మాత్రం అదే రక్షణ.

దీని మీద ఒక బలమైన ఆక్షేపణ ఉంది. ఆస్ట్రేలియాలో జంతువుల విషయంలో దేశాన్ని కుదిపిన వార్తలు ఈ చిన్న స్టేషన్లు తెచ్చినవి కావు. ఇండోనేసియా కబేళాల్లో ఆస్ట్రేలియా పశువులను హింసిస్తున్న దృశ్యాలను 2011 మే 30న చూపించింది ప్రభుత్వ టీవీ ఏబీసీ. ఆవాసీ ఎక్స్‌ప్రెస్ అనే ఓడలో 2017లో గల్ఫ్ ఎండకు 2,400 గొర్రెలు ఉడికిపోయి చచ్చిన దృశ్యాలను 2018లో చూపించింది ఒక వ్యాపార చానెల్. నిజమే. ఆ తర్వాత ఏమైందో కూడా చూడాలి. 2011 జూన్‌లో ప్రభుత్వం ఇండోనేసియాకు పశువుల ఎగుమతిని ఆపింది. జూలై మొదటి వారానికల్లా ఆంక్ష ఎత్తేసింది. టీవీ రేపిన కోపం అంతలోనే చల్లారింది. కోపం చల్లారిన తర్వాతి వారం, ఆ పై వారం, ఆరేళ్ళ తర్వాతి వారం కూడా అదే సంగతి మాట్లాడేవాడు ఒకడు ఉండాలి. చిన్న రేడియో గొప్పతనం తొలి కబురు తేవడంలో లేదు. అందరూ వెళ్ళిపోయాక కూడా అక్కడే కూర్చోవడంలో ఉంది.

ఆ ఓడ కథలో మరొకటి ఉంది. లోపలి దృశ్యాలను తన ఫోన్‌లో తీసి బయటపెట్టినవాడు పాకిస్తాన్ నుంచి వచ్చి ఆ ఓడలో పని నేర్చుకుంటున్న ఒక యువ నావికుడు. ఇంకా వెనక్కి పోతే, 1978లో బతికున్న గొర్రెల ఎగుమతిని ఆపడానికి రేవుల దగ్గర పికెటింగ్ చేసింది మాంసం కార్మికుల యూనియన్. వాళ్ళ బాధ ఉద్యోగాలది, గొర్రెలది కాదు; ఆ మాట దాచక్కర్లేదు. అయినా గొర్రెను ఉడికించే ఓడా కార్మికుడి పని లాగేసే ఓడా ఒకటే. దాన్ని రెండు కోణాల నుంచీ చూడగలిగేది ఒకే స్టేషన్‌లో పక్కపక్క గంటల్లో కూర్చునే మనుషులు.

ప్రతిసారీ ఇలా కలిసొస్తుందని చెప్తే అబద్ధమవుతుంది. విక్టోరియాలో బాతుల వేటను నిషేధించాలని 2023లో శాసనమండలి విచారణ సంఘం సిఫారసు చేస్తే, విద్యుత్ కార్మికుల యూనియన్ నాయకులు పని ఆపుతామని హెచ్చరించారు. వేట తమ సభ్యుల వినోదమని వాళ్ళ వాదన. 2024 జనవరిలో ప్రభుత్వం వేటను కొనసాగనిచ్చింది. ఇదే సందు చూసుకుని, చూశారా, రెండు న్యాయాలూ ఒకటి కావు అంటారు. ఒకటేనని నేనూ అనడం లేదు. ఒకే ఇంట పుట్టిన అన్నదమ్ములు పొలం గట్టు దగ్గర తగవు పడతారు. ఆ తగవు తేలాలంటే ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చోవాలి. యూనియన్ మనిషి, బాతుల మనిషి వేర్వేరు చానెళ్ళలో తమవాళ్ళతోనే మాట్లాడుకుంటే ఆ తగవు ఎన్నటికీ తేలదు.

మన దగ్గరకొస్తే ఈ ఆక్షేపణ ఇంకా పదునెక్కుతుంది. 2016 జూలైలో గుజరాత్‌లోని ఊనాలో, చచ్చిన ఆవు చర్మం ఒలుస్తున్న దళితులను గోరక్షకులమని చెప్పుకున్నవాళ్ళు కట్టేసి కొట్టారు. ఇలాంటి దేశంలో జంతు హక్కులని రేడియో పెడితే అది ఎవరి వీపు మీద పడుతుందని ఒక దళిత శ్రోత అడిగితే, ఆ ప్రశ్న ముందు తల వంచాల్సిందే. లండన్ బండివాడి అనుభవమే ఇది, మరింత క్రూరంగా. జంతువుల మీద మాట నిజమైనదో కాదో తేల్చడానికి నాకు తెలిసిన పరీక్ష ఒక్కటే: అది బలవంతుడి వేట దాకా, కంపెనీ షెడ్డు దాకా పోతుందా, లేక పేదవాడి గుడిసె దగ్గరే ఆగిపోతుందా? ఊనాలో లేచిన చేయి ఆ పరీక్షలో నిలవదు.

జంతువు స్వయంగా మాట్లాడలేదు కదా, దాని తరఫున మాట్లాడే అధికారం మీకెవరిచ్చారన్న ప్రశ్న కూడా ఉంది. కమ్యూనిటీ రేడియో సూత్రమే 'ఎవరి మాట వాళ్ళే చెప్పుకోవాలి' అన్నది. ఆ సూత్రాన్ని తెలుగునేలలో అందరికంటే బలంగా నిలబెట్టింది జహీరాబాద్ దగ్గర మాచునూరులోని సంఘం రేడియో. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. స్వచ్ఛంద సంస్థలకు లైసెన్సు ఇచ్చే విధానం మాత్రం 2006 నవంబరులో గానీ రాలేదు. ఆ లోపల డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు ఏళ్ళ తరబడి కార్యక్రమాలు రికార్డు చేసి, క్యాసెట్ల మీద సంఘాల్లో వినిపించుకున్నారు. 2008 అక్టోబరు 15న 90.4 మెగాహెర్ట్జ్ మీద వాళ్ళ గొంతు గాల్లోకెక్కింది. వాళ్ళ తరఫున ఎవరూ మాట్లాడలేదు, వాళ్ళే మాట్లాడారు. ఎద్దుకు ఆ వీలు లేదు. కాబట్టి ఎద్దు గురించి మాట్లాడేవాడికి బాధ్యత రెట్టింపవుతుంది. ఎద్దుతో రోజంతా గడిపేవాళ్ళ మాట అతను ముందుగా వినాలి. చిరుధాన్యాలు పండించే ఆ స్త్రీల సేద్యం జొన్న చొప్పతో, పశువుల ఎరువుతో ముడిపడి ఉంది. ఏరువాక పున్నమినాడు ఎద్దును కడిగి, కొమ్ములకు రంగు పూసి, ముందు దానికి తినిపించే ఆచారం ఆ చేలది. ఎద్దు డొక్క ఎండితే చేను ఎండుతుందని తెలిసినవాళ్ళకు దాని తరఫున ఒక మాట చెప్పే అర్హత లేదని నేననలేను.

అయితే మన చట్టం వాళ్ళకు పెట్టిన హద్దు ఒకటుంది. 2006 నాటి ఆ లైసెన్సు విధానం ప్రకారం మన కమ్యూనిటీ రేడియో సొంతంగా వార్తలు ప్రసారం చేయకూడదు. సంతలో ఇవాళ ఏం జరిగింది, కబేళాకు పోతున్న లారీలో ఎన్ని పశువుల్ని కుక్కారు, ఆ లారీని అడ్డుకున్నవాళ్ళు డ్రైవర్‌ను ఏం చేశారు: ఈ మూడు కబుర్లూ జహీరాబాద్‌లో ఒకే గంటలో వినిపించాలి. ఆ గంట చట్టబద్ధం కాదు. మెల్‌బోర్న్‌లో అది అందరికీ దక్కిన హక్కు. సముద్రం మీదుగా బతికున్న గొర్రెల ఎగుమతిని 2028 మే 1 నుంచి ఆపేస్తూ ఆస్ట్రేలియా 2024లో చట్టం చేసింది. పడమటి రాష్ట్రపు గొర్రెల రైతులకూ ఉన్ని కత్తిరించేవాళ్ళకూ లారీలవాళ్ళకూ జరిగే నష్టానికి దాదాపు 14 కోట్ల డాలర్లు కేటాయించింది. ఆ డబ్బు కూలీ చేతికి చేరిందా లేదా, గొర్రెలు ఓడ తప్పించుకుని ఇంకే షెడ్డులో పడ్డాయి: ఈ రెండు లెక్కలనూ ఒకే మైకు ముందు అడిగే ఆదివారాలు అక్కడ ఇంకా చాలా మిగిలి ఉన్నాయి.