కుదుపు లేని జీపుకోసం

ఎద్దుబండిలో పది మైళ్లు పోయినవారికి కుదుపు అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. చక్రం రాతి మీదికి ఎక్కితే ఇరుసు ఎక్కుతుంది. ఇరుసుతోపాటు బండి, బండితోపాటు అందులోని మనిషి వెన్నెముక ఎక్కుతాయి. రాయి దాటగానే అన్నీ ఒక్కసారిగా దిగుతాయి. కింద పరచిన గడ్డి కొంత మేలు చేసినా అది ఒకటి రెండు మైళ్ల వరకే. జట్కాలో ఈ బాధ తక్కువ. ఇరుసుకూ పెట్టెకూ నడుమ వంపు తిరిగిన ఉక్కు కమానులు ఉండటమే దానికి కారణం.

రోడ్డు మీద తిరిగే బండికి మెత్తదనం ఒక్కటే చాలును. రోడ్డు విడిచి రాళ్లలో, వాగులలో, దున్నిన చేలలో తిరగవలసిన బండికి మరి రెండు గుణాలు కావాలి. పొట్ట నేలకు తగలకుండా ఎత్తు ఉండాలి; ఎత్తుగా ఉన్నా పక్కకు బోల్తా కొట్టని నిలకడ ఉండాలి. ఈ మూడింటికీ ఒకదానితో ఒకటి పొసగదు. ఎత్తు పెంచితే నిలకడ తగ్గుతుంది, నిలకడకోసం స్ప్రింగులు బిగిస్తే మెత్తదనం పోతుంది. జీపు వంటి బండ్ల చరిత్ర అంతా ఈ తగవును తీర్చడానికి జరిగిన ప్రయత్నాల చరిత్రే.

కుదుపును శాస్త్రజ్ఞులు పట్టించుకొనడం కొత్త విషయమేమీ కాదు. 1665 మే 1వ తేదీన లండన్ సమీపంలో కర్నల్ బ్లౌంట్ అనే ఆయన నివాసంలో కొందరు పెద్దలు చేరి, కుదుపు తక్కువగా ఉండే గుర్రపు బండ్లను పరీక్షించినారు. ఈ సంగతి శామ్యూల్ పీప్స్ తన దినచర్యలో వ్రాసుకొన్నాడు. ఆనాడు అక్కడ ఉన్నవారిలో రాబర్ట్ హుక్ ఒకడు. 13 సంవత్సరాల తరువాత, 1678లో, స్ప్రింగు సాగుదల దాని మీద పడే బలానికి అనులోమానుపాతంలో ఉంటుందనే సూత్రాన్ని ఆయన వివరంగా ప్రకటించినాడు. మన ప్రయోగశాలలలో ఈ సూత్రం తీగకు బరువులు కట్టి స్కేలు చూసే పనిగా మిగిలిపోయినది. దానికి బండి చక్రాలతో చుట్టరికం ఉన్నదని విద్యార్థికి చెప్పేవారు తక్కువ.

ఆ చుట్టరికం ఇది. స్ప్రింగు మీద బండి బరువు పడగానే అది కొంత కుంగుతుంది. ఆ కుంగుదల ఎంతో తెలిస్తే చాలును, బండి సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో లెక్క కట్టవచ్చును. గురుత్వ త్వరణాన్ని కుంగుదలతో భాగించి, వర్గమూలం తీసి, దానిని 6.28తో భాగిస్తే పౌనఃపున్యం వస్తుంది. కుంగుదల 10 సెంటీమీటర్లయితే బండి సెకనుకు సుమారు 1.6 సార్లు ఊగుతుంది; 25 సెంటీమీటర్లయితే ఒక్కసారి మాత్రమే. మనిషి శరీరానికి సెకనుకు 1 నుండి 1.5 వరకు ఉండే ఊపు హాయిగా ఉంటుంది. 4 నుండి 8 వరకు ఉండే కంపనాలు కడుపులోని అవయవాలను, వెన్నును అన్నిటికన్న ఎక్కువగా బాధిస్తాయి. అర కన్న తక్కువకు పోతే పడవ ప్రయాణంలోవలె తల తిరిగి వాంతి వస్తుంది.

మెత్తని ప్రయాణానికి ఎక్కువ కుంగుదల కావాలి. అంత కుంగిన తరువాత కూడా, రాయి తగిలినప్పుడు చక్రం ఇంకా పైకి పోవడానికి చోటు ఉండాలి. చోటు కావాలంటే బండి పెట్టెను పైకి ఎత్తాలి. ఇక్కడ చిక్కు మొదలవుతున్నది.

1804లో లండన్‌లో బండ్లు తయారుచేసే ఒబదయా ఎలియట్, ఉక్కు పట్టీలను ఒకదానిపై ఒకటి పేర్చి బిగించిన దీర్ఘవృత్తాకార కమానులకు పేటెంటు పొందినాడు. అంతకు ముందు బండి పెట్టెను తోలు పట్టెడలతో ఉయ్యాలవలె వేలాడదీసేవారు. కమాను కట్ట ఆ తరువాత ఇంచుమించు ఒకటిన్నర శతాబ్దంపాటు బండ్లను ఏలినది. అది ఒక్కటే మూడు పనులు చేస్తుంది: బరువు మోస్తుంది, ఇరుసు ముందుకూ పక్కకూ జరగకుండా పట్టి ఉంచుతుంది, పట్టీలు ఒకదానితో ఒకటి రాసుకొనడంవల్ల పుట్టే ఘర్షణతో ఊపును అణచివేస్తుంది. అయితే ఆ ఘర్షణే దాని లోపం కూడా. చిన్న చిన్న గతుకుల దెబ్బ పట్టీలను జరపలేదు. కనుక అది తిన్నగా కూర్చున్నవాని నడుముకు చేరుతుంది. పట్టీల నడుమ దుమ్ము, తుప్పు చేరితే కమాను ఉన్నా లేనట్లే.

మెత్తదనాన్ని స్ప్రింగులో కాక టైరులో వెదకినవాడు రాల్ఫ్ బాగ్నోల్డ్. ఈ బ్రిటిష్ సైనికాధికారి 1920లలోను, 1930ల ఆరంభంలోను ఫోర్డు కార్లలో లిబియా ఎడారిలో తిరిగినాడు. ఇసుకలో కూరుకుపోయే చోట టైర్లలో గాలి తగ్గించినట్లయితే టైరు నేలను ఎక్కువ మేర తాకి, బరువు పరచుకొని, బండి తేలికగా సాగుతుందని ఆయన అనుభవంతో కనుగొన్నాడు. ఒక్క పైసా ఖర్చు లేని ఈ ఉపాయాన్ని నేటికీ ఎడారి యాత్రికులు పాటిస్తున్నారు.

అదే కాలంలో అమెరికాలో మారిస్ ఓలీ అనే ఇంజనీరు మెత్తదనాన్ని ఒక శాస్త్రంగా చేసినాడు. రోల్స్‌రాయిస్ నుండి 1930లో కాడిలాక్ సంస్థకు వచ్చిన ఈయన, 1932లో బరువులను ముందుకు వెనుకకు జరపడానికి వీలైన ఒక ప్రయోగ వాహనాన్ని కట్టించినాడు. గతుకు మొదట ముందు చక్రాలకు, కొంత ఆలస్యంగా వెనుక చక్రాలకు తగులుతుంది. కాబట్టి ముందు స్ప్రింగులు మెత్తగాను, వెనుకవి కొంత బిగువుగాను ఉంటే, ఆలస్యంగా మొదలైన వెనుక ఊపు త్వరగా ముందు ఊపును అందుకొంటుంది. బండి ముక్కు ఎత్తుతూ దించుతూ పోకుండా సమతలంగా లేచి దిగుతుంది. అంతకు పూర్వం వాడుకలో ఉన్న పద్ధతి దీనికి సరిగ్గా వ్యతిరేకం! 1934లో కాడిలాక్ కార్లకు ముందు చక్రాలు రెండూ వేటికవి విడిగా కదిలే ఏర్పాటు వచ్చినది.

ఆరు సంవత్సరాల తరువాత పుట్టిన జీపుకు మాత్రం ఈ విద్య ఏదీ అంటలేదు. 1940 వేసవిలో అమెరికా సైన్యం 135 సంస్థలను ఆహ్వానించి, పావు టన్ను మోసే నాలుగు చక్రాల చోదక వాహనం కావాలన్నది. బాంటమ్ అనే చిన్న సంస్థ తరఫున కార్ల్ ప్రోబ్స్ట్ నమూనా గీసినాడు. 49 రోజులలో బండి తయారై సెప్టెంబరు 23న మేరీలాండ్‌లోని హోలాబర్డ్ శిబిరానికి చేరినది. తరువాత విల్లీస్, ఫోర్డు సంస్థలు యుద్ధం ముగిసేలోగా ఆరు లక్షలకు పైగా జీపులను తయారుచేసినవి. రెండు బిరుసైన ఇరుసులు, నాలుగు కమాను కట్టలు: ఇంతే దాని పొందిక. ఖాళీగా ఉన్నా, నలుగురు సైనికులు సామానుతో ఎక్కినా అది కుంగిపోకూడదు. అందుచేత కట్టలు బిరుసుగా పెట్టినారు. విరిగితే ఏ కమ్మరి అయినా బాగు చేయగలిగేది, కుదుపు మాత్రం ఎవరూ తప్పించలేకపోయినారు. 1940ల చివరలో మహీంద్రా సంస్థ మన దేశంలో ఈ జీపులను కూర్చడం ప్రారంభించినది. తారు ఎరుగని పల్లెదారులలో అధికారులు తిరిగినది వీటిలోనే. 1948లో ఇంగ్లండులో వెలువడిన లాండ్‌రోవర్ కూడా కమానుల బండే.

ఎత్తు సమస్యను తెలివిగా విప్పినది యుద్ధానంతర జర్మనీలో పొలం పనులకోసం పుట్టిన యూనిమోగ్. ఆల్బర్ట్ ఫ్రీడ్రిష్ రూపకల్పన చేసిన ఈ బండి నమూనా 1946లో కదిలినది. చక్రాల నడుమ వెడల్పును 1270 మిల్లీమీటర్లుగా నిర్ణయించినారు. అది రెండు బంగాళాదుంప సాళ్ల దూరం. సాధారణంగా ఇరుసు చక్రం నడిబొడ్డున ఉంటుంది. యూనిమోగ్‌లో ఇరుసు అంతకన్న పైన ఉండి, చక్రం దగ్గర పళ్లచక్రాల ద్వారా కిందికి దిగుతుంది. పెట్టెను ఎత్తకుండానే ఇరుసు కింద ఖాళీ పెరిగినది. పైగా కమానుల బదులు చుట్ట స్ప్రింగులు పెట్టినందువల్ల ఒక చక్రం గట్టు మీద, మరొకటి గుంటలో ఉన్నా నాలుగూ నేలను విడవవు. చక్రం గాలిలో ఉంటే ఎంత బలమైన ఇంజను ఉండి ఏమి లాభం? ఇంతటి పొందికయిన ఏర్పాటు ఖరీదు కారణంగానే మామూలు జీపులకు రాలేదని చెప్పవలసి ఉంటుంది.

చుట్ట స్ప్రింగును ధనికుల బండికి తెచ్చి దాని సత్తాను లోకానికి చూపినది 1970 జూన్‌లో వెలువడిన రేంజ్‌రోవర్. స్పెన్ కింగ్, గోర్డన్ బాష్‌ఫర్డ్ దీని రూపకర్తలు. రోవర్ కారు సుఖాన్ని లాండ్‌రోవర్ సామర్థ్యంతో కలపాలన్నది వారి ఉద్దేశం. చుట్ట స్ప్రింగులో పట్టీలు లేవు, రాపిడి లేదు, చిన్న గతుకుకు కూడా అది లొంగుతుంది. కాని ఇరుసును పట్టి ఉంచే శక్తి దానికి లేదు. అందుకు ఉక్కు చేతులు, ఇరుసు పక్కకు జరగకుండా అడ్డంగా ఒక కడ్డీ కావలసి వచ్చినవి. వెనుక బరువు పెరిగినప్పుడు తానే ఎత్తును సరిచేసుకొనే ఒక పరికరం కూడా పెట్టినారు. మెత్తదనానికి మూల్యం లేకపోలేదు. మలుపులలో ఈ బండి పడవవలె ఒరిగేది. ఆ ఒరుగుదలను ఆపే కడ్డీలను సుమారు 20 సంవత్సరాల వరకు పెట్టలేదు. కారణం స్పష్టం. ఆ కడ్డీ ఎడమ చక్రాన్ని కుడి చక్రానికి కట్టివేస్తుంది. రోడ్డు మీద మేలు, రాళ్లలో కీడు.

1972లో ఇటువంటి రెండు బండ్లు పనామా, కొలంబియా దేశాల నడుమ ఉన్న దారిలేని దారియన్ అడవిని దాటినవి. అందులోనూ ఒక పాఠం ఉన్నది. బురదకోసం తగిలించిన పెద్ద టైర్ల భారానికి ఇరుసులోని డిఫరెన్షియల్ పళ్లు తట్టుకోలేక విరిగినవి.

బండి ఎత్తు పెంచే వేడుక ఈనాటికి యువకులలో బాగా వ్యాపించినది. పాత జీపులలో కమాను ఇరుసు కింద ఉండేది. దానిని ఇరుసు పైకి మార్చితే బండి నాలుగైదు అంగుళాలు లేస్తుంది. కొందరు పొడుగు స్ప్రింగులు, మరికొందరు దిమ్మెలు పెడతారు. దీనివల్ల ఏమి జరుగునో లెక్క వేసి చూడటం మంచిది. చక్రాల నడుమ వెడల్పు 1.5 మీటర్లు, గరిమనాభి ఎత్తు 0.7 మీటర్లు అనుకొందాము. వెడల్పులో సగాన్ని ఎత్తుతో భాగిస్తే 1.07 వస్తుంది. గరిమనాభి 10 సెంటీమీటర్లు లేస్తే అది 0.94కు దిగుతుంది. పొడి తారురోడ్డు మీద టైరు పట్టు 0.8, 0.9 వరకు ఉండవచ్చును. మొదటి బండి వేగంగా మలుపు తిరిగితే జారుతుంది. రెండవది, పెట్టె ఒరుగుదల కూడా కలిస్తే, జారడానికి ముందే బోల్తా పడవచ్చును. అమెరికా ప్రభుత్వం 2001 నుండి బండ్లకు ఇచ్చే బోల్తా ప్రమాద శ్రేణులు ఈ భాగహారం మీద ఆధారపడినవే.

ఇతర చిక్కులు కూడా ఉన్నవి. సైకిలు ముందు ఫోర్కు వెనుకకు వాలి ఉండటంవల్ల హాండిలు తనంత తాను తిన్నబడుతుంది. బండిని ఎత్తినప్పుడు ముందు ఇరుసు కొంత తిరిగి ఆ వాలు తగ్గుతుంది. స్టీరింగు నిలకడ లేక తారట్లాడుతుంది. అడ్డకడ్డీ కోణం మారి ఇరుసు పక్కకు జరుగుతుంది. చోదక దండపు కీళ్లు ఎక్కువ వంగి బండి అదురుతుంది. 28 అంగుళాల టైర్ల స్థానంలో 33 అంగుళాలవి వేస్తే ఇరుసు కింద దొరికే అదనపు ఎత్తు రెండున్నర అంగుళాలే గాని, చక్రం వద్ద తోపు 15 శాతం తగ్గుతుంది. వేగసూచి 60 చూపినప్పుడు నిజవేగం 71 దాకా ఉంటుంది. డిఫరెన్షియల్ నిష్పత్తిని 4.10 నుండి 4.88కి మార్చితే తోపు తిరిగి వస్తుంది. కాని బరువైన చక్రం గతుకులో పైకి లేచినప్పుడు దాని జడత్వాన్ని ఆపవలసిన భారం షాక్ అబ్సార్బరు మీదనే పడుతుంది.

ఈ షాక్ అబ్సార్బరు చేసే పని ఊపులోని శక్తిని వేడిగా మార్చడం. గంటలతరబడి రాళ్లలో నడిస్తే అందులోని నూనె కాగి పలచబడి, గాలితో కలిసి నురుగు కడుతుంది. అప్పుడు అది పనిచేయదు. ఫ్రాన్సుకు చెందిన బూర్సియే ద కార్బొన్ అనే శాస్త్రజ్ఞుడు నూనెను ఒత్తిడిగల వాయువుతో నొక్కి ఉంచి, రెంటి నడుమ తేలే ముషలకాన్ని పెట్టి నురుగును నివారించినాడు. 1957లో బిల్‌స్టైన్ సంస్థ తయారుచేసిన ఇటువంటివి మెర్సిడెస్ కార్లకు వచ్చినవి. 1967లో మెక్సికోలోని బాహా ద్వీపకల్పంలో మొదలైన ఎడారి పందెం ఈ పరికరానికి పెద్ద ప్రయోగశాల అయినది. ఆ మొదటి పందెంలో నెగ్గినది భారీ జీపు కాదు. మేయర్స్ మాంక్స్ అనే తేలికపాటి బండి 27 గంటల 38 నిమిషాలలో గమ్యం చేరినది. ఎత్తుకన్న తేలికదనం ఎక్కువ ఉపకరిస్తుందని దీనినిబట్టి గ్రహించవచ్చును.

మన దేశంలో 1985లో వచ్చిన జిప్సీ చివరివరకు కమానుల మీదనే నడిచినది. 2010 నాటి థార్‌కు వెనుక కమానులు ఉండేవి; 2020 నాటి థార్‌కు నాలుగు చక్రాల వద్దా చుట్ట స్ప్రింగులే. ఈ బండ్ల ఎత్తును ఇష్టానుసారం మార్చదలచినవారు 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను చదవడం అవసరం. తయారీదారు నిర్ణయించిన వివరాలకు భిన్నంగా మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసినది.

అవసరమైనచోట మాత్రమే ఎత్తు పెరిగి, తక్కినచోట్ల తగ్గే బండి ఉంటే తగవే ఉండదు కదా! ఫ్రాన్సులో సిట్రొయెన్ డి.ఎస్. కారు 1955లోనే నూనె, వాయువుల ఒత్తిడితో ఈ పని చేసినది. 1992లో రేంజ్‌రోవర్‌కు స్ప్రింగుల స్థానంలో గాలి నిండిన రబ్బరు సంచులు వచ్చినవి. రహదారి వేగంలో అది తానే కిందికి దిగుతుంది. ఒరుగుదల కడ్డీ సమస్యకు 2007లో జీపు రాంగ్లర్‌లో ఒక రకం మరొక ఉపాయం చూపినది: మీట నొక్కితే కడ్డీ రెండుగా విడిపోయి చక్రాలు స్వేచ్ఛగా కదులుతాయి, వేగం పెరిగితే తిరిగి కలుస్తుంది. అయితే గాలిసంచికి చిల్లు పడితే ఊరికి వందమైళ్ల దూరాన బాగుచేసేవారు దొరకరు. అందుచేతనే దూరప్రాంతాల ఎడారులలోకి పోయేవారిలో చాలామంది నేటికీ ఉక్కు స్ప్రింగునే ఎంచుకొంటున్నారు, టైర్లలో గాలి తగ్గించుకొని.