ఉద్దానం ఫొటో జర్నలిజం

శ్రీకాకుళం జిల్లా పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల్లో పరుచుకున్న కొబ్బరి, జీడి తోటల సీమ ఉద్దానం. బయటి లోకం దీన్ని ఎక్కువగా రెండు రకాల ఫొటోల్లోనే చూసింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కూలిన కొబ్బరి చెట్లు ఒక రకం. ఇక్కడ ఎంతోమందిని పట్టిన కిడ్నీ జబ్బుతో డయాలసిస్ మంచం మీదున్న రోగి రెండో రకం. రెండూ నిజమే, కానీ రెండిట్లోనూ జరగాల్సింది జరిగిపోయింది. గాలి ఒక్క రాత్రిలో చేసిన పని వచ్చిపోయే కెమెరాకు అందుతుంది. ఏళ్ల తరబడి సాగే జబ్బు అందాలంటే ఊళ్లోనే ఉంటూ, తేదీ వేసి ఫొటోలు దాచేవాళ్లు కావాలి.

దీనికి సాక్ష్యం ఇటలీలో ఉంది. లెతీజియా బత్తాలియా (1935–2022) పలెర్మోలో పుట్టి, 1974 నుంచి అక్కడి 'లోరా' దినపత్రికకు మాఫియా హత్యల ఫొటోలు తీసింది. 1985లో ఫొటోగ్రఫీకి ఇచ్చే యూజీన్ స్మిత్ అవార్డు అందుకుంది. అయితే ఆమె ఫొటోల్లో కోర్టు దాకా వెళ్లినది అవార్డుల మాట ఎరగని మామూలు ఫొటో: 1979లో ప్రధాని జూలియో ఆంద్రెయొత్తి, మాఫియాతో సంబంధాలున్న నీనో సాల్వోతో కలిసి ఉన్నది. సాల్వో ఎవరో తెలియదని ఆంద్రెయొత్తి అంటుండగా, 1993లో దర్యాప్తు అధికారులకు అది ఆమె పాత ఫొటోల్లో దొరికింది. ఆయనకు చివరికి శిక్ష పడలేదు, అది వేరే సంగతి.

పలెర్మోలో తుపాకీ ఉంది, శవం ఉంది. ఉద్దానం జబ్బుకు కారణమే తేలలేదు, కిడ్నీల పనితీరు తెలిపే రక్తంలోని క్రియాటినిన్ కెమెరాకు కనిపించదు కదా అని ఎవరైనా అనవచ్చు. ఒప్పుకోవాల్సిందే. కారణం తేల్చడం ప్రయోగశాల పని. కానీ నీళ్లు తాగిన బోరు, పొలంలో ఎండకు చేసిన పని, పదేళ్ల తేడాతో అదే ఇంటి అరుగు కెమెరాకు కనిపిస్తాయి. జబ్బు విషయంలోనే కాదు, భూమి తగువులోనూ అంతే. 2010 జులై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న టెక్కలి దగ్గర కాకరాపల్లిలో పోలీసు కాల్పుల దాకా వెళ్లిన థర్మల్ విద్యుత్ కేంద్రాల గొడవలో, స్థానికులు బీల, తంపర అని పిలిచే పల్లపు భూములు బీడా, చిత్తడి నేలలా అన్నది పెద్ద తగువు. ఏడాది పొడవునా తీసి దాచిన ఫొటోలు తీర్చగల తగువు అది. మండల విలేకరి ఫోన్లో తీసినవి జిల్లా పేజీలో ఒక్క రోజు బతికితే చాలదు.

2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, హిరమండలం నుంచి మంచినీళ్లు తెచ్చే పథకం ప్రారంభమయ్యాయి. ప్రారంభోత్సవం ఫొటోలకు కొదవ లేదు. ఆ నీళ్లు రాకముందు ఏ వీధి ఏ బోరు దగ్గర బిందె పెట్టిందో చూపించే ఫొటోలనే ఇంటింటా వెతకాలి.