సేవకు పునాది సమావేశము

గుంటూరు నగరములోని బ్రాడీపేటలో ఇల్లు వెదకవలెనన్న వీధి పేరు అడుగనక్కరలేదు. ఎన్నవ లైను, ఎన్నవ అడ్డరోడ్డు అను రెండు సంఖ్యలు తెలిసిన చాలును. ఎంత క్రొత్తవాడైనను గుమ్మము చేరుకొనగలడు. గీత గీచినట్లు సాగిన ఆ లైనులలో వైద్యశాలలు, విద్యాలయములు, వర్తకుల కార్యాలయములు కలవు. నగరములోని తక్కిన పేటలందువలెనే అచ్చటను సేవాసంఘములు కూడుచుండును. నియమితమైన దినమున, నియమితమైన వేళకు కొందరు వచ్చి కూర్చొందురు. కార్యదర్శి గడచిన సభ నిర్ణయములను చదువును. కోశాధికారి లెక్క చెప్పును. రాబోవు కంటి శిబిరమునకో, రక్తదానమునకో ఎవరు ఏ పని చూడవలెనో పంచుకొని లేతురు.

ఇట్టి సభలను చూచి నవ్వువారును కలరు. సేవ చేయదలచినవాడు నేరుగా పోయి చేయవచ్చును గదా, దానికి అధ్యక్షుడేల, దండలేల, కాఫీలేల అని వారి ప్రశ్న. ప్రశ్నలో న్యాయము లేకపోలేదు. దండలతో ఆరంభమై ఛాయాచిత్రముతో ముగియు సభలు ఎల్లవారును ఎరిగినవే. అయినను గుంటూరు సీమలో ఒక శతాబ్దమునకు పైగా సాగిన సేవాకార్యముల చరిత్రను తిరుగవేసినచో ఒక సంగతి స్పష్టపడును. ఉత్సాహము సేవను పుట్టించును. దానిని నిలిపి ఉంచునది మాత్రము తప్పక కూడు అలవాటే.

మొదట ఇరువదవ శతాబ్దపు ఆరంభమును తలచుకొనవలెను. ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు, జొన్నవిత్తుల గురునాథముగారు మొదలగువారు గుంటూరులో యువజన సాహితీ సంఘమును నెలకొల్పిరి. చదువుకొన్న యువకులు ఒకచోట చేరి గ్రంథములను గూర్చి, దేశమును గూర్చి మాటలాడుకొనుట దాని పని. ఒక గది, కొన్ని పుస్తకములు, కొందరు మనుష్యులు, చూచువారికి ఇంతే. కాని తెలుగు మాటలాడు జిల్లాలకు వేరు రాష్ట్రము కావలెనన్న కోరికను మొట్టమొదట బలముగా వినిపించినవారిలో ఈ ఇరువురును ఉండిరి. ఆ కోరిక 1913లో బాపట్లయందు ప్రథమాంధ్ర మహాసభగా రూపు దాల్చెను. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రముగా ఫలించెను. కూడి మాటలాడుట వ్యర్థకాలక్షేపమనువారికి ఇంతకు మించిన సమాధానము అక్కరలేదు.

సేవాదళమన్నంతనే ఈ ప్రాంతమువారికి స్ఫురించు పేరు రామదండు. ఎడింబరో విశ్వవిద్యాలయమున ఎం.ఏ. చదివి వచ్చిన ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు దానిని కూర్చిరి. కాషాయ వస్త్రములు, మెడలో రుద్రాక్షలు, నొసట తిలకము దాల్చిన ఆ స్వచ్ఛంద సేవకులు 1921 మార్చి నెలాఖరున బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశమున వేలాది జనమును అదుపులో నుంచి దేశనాయకుల మెప్పు పొందిరి.

ఆ సంవత్సరమే వారికి మహాపరీక్ష ఎదురాయెను. చీరాల, పేరాల గ్రామములను కలిపి ప్రభుత్వము పురపాలక సంఘము నేర్పరచగా పన్నుల భారము పెక్కింతలై నేతపనివారిని, చిన్న కాపులను క్రుంగదీసెను. 1921 ఏప్రిల్ 6వ తేదీన గాంధీ మహాత్ముడు చీరాలకు వచ్చెను. పన్ను నిరాకరించుటయో, పురపాలక సంఘపు ఎల్లలు దాటి వెలుపల నివసించుటయో అహింసామార్గములని ఆయన సూచించెను. ప్రజలు రెండవదానిని ఎంచుకొనిరి. సుమారు పదమూడు వేలమంది ఇండ్లు, మగ్గములు విడిచి ఊరి వెలుపల పాకలు వేసికొని, ఆ క్రొత్త నివాసమునకు రామనగరమని పేరిడిరి. ఎండలో, వానలో దాదాపు పదునొకండు మాసములు అచ్చట గడపిరి. రామదండు సేవకులు వారికి తోడునీడయై నిలిచిరి.

కాని ఆ దండునకు ప్రాణము గోపాలకృష్ణయ్యగారొక్కరే. బరంపురమున ప్రసంగనిషేధమును ధిక్కరించినందులకు ప్రభుత్వము వారిని నిర్బంధించి ఒక సంవత్సరము కారాగార శిక్ష విధించెను. నాయకుడు తిరుచిరాపల్లి చెరసాలలో నుండగా రామనగరమునందలి ప్రజల కష్టములు పెరిగెను. తుదకు వారు ఇండ్లకు మరలక తప్పినది కాదు. 1928లో 39 సంవత్సరముల చిన్న వయసున గోపాలకృష్ణయ్యగారు కన్నుమూసిరి. రామదండు కీర్తి మిగిలెను, రామదండు మిగులలేదు. ఆ త్యాగము తక్కువదని ఎవరును అనలేరు. అయినను ఒక్క మహాపురుషుని ఊపిరితో నడచు దళము, ఆ ఊపిరి ఆగినంతనే ఆగునను పాఠము అందు కలదు.

ఆ మరుసటి సంవత్సరము, అనగా 1922లో, గుంటూరుననే మరియొక సేవ వేరొక తీరున మొలకెత్తెను. ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారును వారి సతీమణి లక్ష్మీబాయమ్మగారును శారదానికేతనమును స్థాపించిరి. వితంతువులకు, చదువునకు నోచుకొనని బాలికలకు తెలుగు విద్యను, చేతిపనులను నేర్పుట దాని ఆశయము. అందు దండయాత్ర లేదు, జయఘోష లేదు. ప్రొద్దుట గంట మ్రోగిన పిల్లలు పాఠమునకు కూర్చొనవలెను, నెల తిరిగిన బియ్యమునకు, బట్టకు చందాలు ప్రోగు కావలెను, లెక్క వ్రాయవలెను. లక్ష్మీబాయమ్మగారు 1956లోను, పంతులుగారు 1958లోను దివంగతులైరి. శారదానికేతనము మాత్రము వారి తరువాతను నిలిచెను. దినదినమును చేయవలసిన పని ఒక క్రమమున పడిన పిమ్మట దానిని వేరొకరు అందుకొనగలరు. వీరావేశమును అట్లు అందుకొనుట దుర్లభము.

గ్రంథాలయోద్యమము ఈ క్రమమును పల్లెలకు తెచ్చెను. 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి అధ్యక్షతన ఆంధ్రదేశపు గ్రంథాలయ ప్రతినిధులు ప్రథమముగా కూడిరి. అయ్యంకి వెంకటరమణయ్యగారి దీక్షయే ఆ సభకు మూలము. నాటినుండి గ్రంథాలయమనగా పుస్తకములు దాచు బీరువా మాత్రమే కాలేదు. రాత్రి పాఠశాల, పత్రికలు చదివి వినిపించుట, సభలు, పురాణశ్రవణము, భజన అన్నియు దాని నీడన చేరెను. ఒక ఊరి గ్రంథాలయము ఆ ఊరి సేవాసంఘమే ఆయెను.

గుంటూరు జిల్లా పెదపాలెమునందు పాతూరి నాగభూషణముగారు నడపిన సేవాశ్రమ వాణీమందిరము ఇందులకు చక్కని ఉదాహరణము. ఆ రోజులలో డెల్టా గ్రామములకు కాలువయే రాజమార్గము. పడవ మెల్లగా సాగును. ప్రయాణికునకు గంటల తరబడి పని యుండదు. ఆ తీరిక వ్యర్థమగుచున్నదని గ్రహించి నాగభూషణముగారు 1935లో పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ పడవ గ్రంథాలయమును ఆరంభించిరి. ఎక్కినవాడు పుస్తకము పుచ్చుకొని చదువుకొనును. దిగునప్పుడు తిరిగి ఇచ్చి పోవును. ఎంత సులభమైన యోచన! కాని పుస్తకములు పడవ కెక్కించువారు, వాటిని లెక్క చూచువారు, చిరిగినవి అతికించువారు దినదినము కావలెను. ఆ పని ఎవరో ఒకరు చేసినందుననే ఆ పడవ దేశమున పేరు గాంచెను. నాగభూషణముగారు పిమ్మట గ్రంథాలయ కార్యకర్తలకు శిక్షణమిచ్చుటకై జీవితమును ధారపోసిరి. సేవకు మనస్సొక్కటి చాలదు, శిక్షణయు వలయునని వారి జీవితము చెప్పుచున్నది.

ఇక నేడు నగరములలో కనిపించు రోటరీ, లయన్సు సంఘముల పుట్టుక ఎట్టిదో చూడవలెను. 1905 ఫిబ్రవరి 23వ తేదీన అమెరికాలోని చికాగో నగరమున పాల్ హారిస్ అను న్యాయవాది మరి ముగ్గురితో ఒక కార్యాలయమున కూర్చొని మాటలాడెను. పెద్ద నగరమున ఒంటరితనము పోగొట్టుకొనుటయే వారి తొలి ఉద్దేశము. ఒక వారము ఒకరి కార్యాలయమున, మరు వారము వేరొకరి కార్యాలయమున చక్రమువలె తిరుగుచు కూడినందున రోటరీయను పేరు కలిగెను. స్నేహమునకై కూడినవారు త్వరలోనే సేవకు దిగిరి. 1907లో వారు పూనుకొన్న మొదటి ప్రజాసేవ యేదియో వినిన ఆశ్చర్యము కలుగును. అది విగ్రహము కాదు, మందిరము కాదు; నగరమునకు వచ్చువారి కొరకు బహిరంగ మరుగుదొడ్డి. ఊరికి ఏది అవసరమో అదియే సేవ, ఏది గొప్పగా కనిపించునో అది కాదు అను నీతి ఆ మొదటి పనిలోనే ఇమిడియున్నది.

రోటరీ 1920లో కలకత్తాకు వచ్చెను. వారమువారము కూడుట 2016 వరకు దాని నియమముగా నుండెను. వరుసగా నాలుగు సమావేశములు కారణము లేక మానినవాని సభ్యత్వము పోవునను కట్టుబాటు చిరకాలము నడచెను. అధ్యక్షుడు ఏటేట మారును. జూలై 1వ తేదీన క్రొత్తవాడు ఆసనమెక్కును, పాతవాడు సామాన్య సభ్యుల నడుమ కూర్చొనును. అధికారము ఒకరి చేతిలో పాతుకొనక, పని మాత్రము కొనసాగు ఉపాయమిది.

1917లో చికాగోననే మెల్విన్ జోన్సు లయన్సు సంఘమును కూర్చెను. 1925లో ఆ సంఘపు మహాసభకు అంధురాలు, బధిరయు అయిన హెలెన్ కెల్లర్ వచ్చి, అంధుల పక్షమున నిలువుడని సభ్యులను అర్థించెను. ఆ ఒక్క సభలో విన్న మాట సంఘమునకు మార్గమాయెను. 1956లో బొంబాయి ద్వారా లయన్సు సంఘము భారతదేశమున ప్రవేశించెను. నేడు పల్లెలలో జరుగు ఉచిత కంటి శిబిరములలో పెక్కింటికి మూలము ఆనాటి అర్థింపే. శుక్లము తీయించుకొని మనుమని మొగము మరల చూచు ముసలమ్మకు హెలెన్ కెల్లర్ పేరు తెలియకపోవచ్చును. ఫలము మాత్రము ఆమెకు అందినది.

పట్టుదలతో చేసిన సేవకు పోలియో నివారణమే గొప్ప సాక్ష్యము. 1985లో రోటరీ ఈ పనికి ప్రపంచమంతట పూనుకొనెను. భారతదేశమున 1995 నుండి ప్రభుత్వము పల్స్ పోలియో దినములు నడపగా, ఆరోగ్య సిబ్బందితోపాటు స్వచ్ఛంద సేవకులు ఇల్లిల్లు తిరిగి పసిబిడ్డల నోట రెండేసి చుక్కలు వేయించిరి. దేశమున చివరి రోగము 2011 జనవరిలో హౌరాయందు కనబడెను. 2014 మార్చి 27వ తేదీన భారతదేశము పోలియో లేని దేశముగా ధ్రువీకరింపబడెను. ఇది ఒక్కనాటి ఉత్సాహముతో జరుగునా? ఏటేట అదే పని, అదే వీధి, అదే ప్రశ్న: ఇంట అయిదేండ్లలోపు బిడ్డలు కలరా? విసుగు చెందనివారే ఇట్టి జయము సాధింతురు.

ఆకస్మిక విపత్తులందును ఈ అలవాటు విలువ తెలియును. 1977 నవంబరు 19వ తేదీన ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు పదివేలకు పైగా జనులు మరణించిరి. దేశపు నలుమూలలనుండి సేవకులు తరలివచ్చిరి. అట్టివేళ మంచి మనస్సు గలవారు వేలకొలది ఉందురు. కాని బియ్యమెవరు తేవలెను, పడవ యెవరు చూడవలెను, శవసంస్కారమున కెవరు పూనుకొనవలెను అను ప్రశ్నలు వెంటనే తలయెత్తును. ముందే కూడి పనిచేసిన అలవాటు గలవారికి ఒకరి శక్తి ఒకరికి తెలియును. గట్టు తెగిన పిమ్మట పార కొరకు వెదకువాడు వరదను ఆపలేడు.

ఈ సంఘముల లోపములను కూడ దాచనక్కరలేదు. రోటరీ, లయన్సు సంఘములు స్త్రీలను సభ్యులుగా చేర్చుకొనక 1980 దశకము చివరివరకు కాలము గడపినవి. గుంటూరున లక్ష్మీబాయమ్మగారు స్త్రీల కొరకు విద్యాలయమును నడపిన అరువదియేండ్లకుగాని ఆ తలుపులు తెరువబడలేదు. చందా చెల్లింపగలవారే సభ్యులగుట మరియొక లోపము. పేదవానికి సేవ చేయు సంఘమున పేదవానికి కుర్చీ లేకున్న, అతని అవసరమును అతని నోట వినుట ఎట్లు? చీరాల నేతపనివాడు రామనగరమున పాక వేసినది ఒకరు దయతలచినందున కాదు. ఆ నిర్ణయము తనదియైనందున. సేవ పుచ్చుకొనువాడును సభలో కూర్చొనగలిగిననాడే ఆ సభ సంపూర్ణము.

ఈ విషయమున పల్లెటూరి గ్రంథాలయము నగర సంఘములకు ఒక మెట్టు పైననే యున్నది. రైతు, కూలి, ఉపాధ్యాయుడు, విద్యార్థి ఒకే బల్లయొద్ద ఒకే పత్రికను పంచుకొని చదువుదురు. ప్రత్తి తీతల కాలమున, మిరప కోతల కాలమున వచ్చువారు తగ్గుట సహజము. అయినను వేళకు తలుపు తెరచి దీపము వెలిగించువాడొకడుండును. రజతోత్సవమనగా ఇరువదియైదు సంవత్సరములు అట్లు తలుపు తెరచుట. ఉత్సవదినమున వేదికపై నిలుచువారికి పూలదండలు పడును, అది న్యాయమే. కాని వర్షపు రాత్రి ఇద్దరే వచ్చినను సభ జరిపి, ఆ ఇద్దరి పేర్లను హాజరు పుస్తకమున వ్రాసినవాని చేతివ్రాతయే సంస్థకు నిజమైన చరిత్ర.

బ్రాడీపేట లైనులలో కూడు సంఘమునకును, పల్లె గ్రంథాలయమునకును మర్మమొక్కటే. రామదండువంటి ఉత్సాహము తరమున కొకమారు పుట్టవచ్చును. ఆ ఉత్సాహము వచ్చినపుడు దానికి కూర్చొన చోటు, వ్రాయ పుస్తకము, పంచుకొన పని సిద్ధముగా నుంచుట మాత్రము ప్రతివారమును చేయదగిన కర్తవ్యము. ఆ కర్తవ్యమును మరువని ఊరు ఏ విపత్తునకును ఒంటరిది కాదు.