శీతాకాల విరామంలో కారవాన్ బ్యాటరీ: చలి కంటే చార్జింగ్ లోపమే ప్రమాదం

కారవాన్ అనగానే తెలుగు పాఠకులకు సినిమా చిత్రీకరణల వద్ద తారల కోసం నిలిపి ఉంచే వాహనం గుర్తుకు వస్తుంది. బ్రిటన్‌లో ఆ మాటకు అర్థం వేరు. కారు వెనుక తగిలించుకుని విహారయాత్రలకు తీసుకువెళ్లే చక్రాల ఇల్లే అక్కడి కారవాన్. విలియం గోర్డన్ స్టేబుల్స్ అనే వైద్యుడు 1885లో తన కోసం చేయించుకున్న ‘వాండరర్’ అనే గుర్రపు బండిని విహార కారవాన్లకు ఆద్యంగా పరిగణిస్తారు. ఆ అభిరుచి గలవారి కోసం కారవాన్ క్లబ్ 1907లో ఏర్పడింది.

ఈ యాత్రలు ప్రధానంగా మార్చి నుంచి అక్టోబరు వరకు సాగుతాయి. మిగిలిన నెలల్లో అధిక శాతం కారవాన్లు ఇంటి ముంగిట గానీ, అద్దె ఆవరణల్లో గానీ కదలకుండా ఉంటాయి. వసంతంలో తలుపు తెరిచేసరికి దీపాలు వెలగకపోవడం, నీటి పంపు తిరగకపోవడం యజమానులకు తరచూ ఎదురయ్యే అనుభవం. నవంబరులో కొద్దిపాటి శ్రద్ధ చూపితే ఈ నష్టాన్ని చాలావరకు నివారించవచ్చు.

లీజర్ బ్యాటరీ అంటే ఏమిటి?

కారవాన్‌లో దీపాలు, నీటి పంపు, హీటర్ ఫ్యాన్, దొంగల అలారం వంటివాటికి విద్యుత్తు అందించే 12 వోల్టుల బ్యాటరీని లీజర్ బ్యాటరీ అంటారు. కారు ఇంజిన్‌ను స్టార్ట్ చేసే బ్యాటరీ కొన్ని సెకన్లపాటు అత్యధిక విద్యుత్ ప్రవాహాన్ని ఇచ్చి, వెంటనే తిరిగి చార్జ్ అవుతుంది. లీజర్ బ్యాటరీ కొద్దిపాటి ప్రవాహాన్ని గంటల తరబడి ఇస్తుంది. అందుకే దీనిలోని సీసపు పలకలు మందంగా ఉంటాయి.

నిర్మాణం వేరైనా రసాయన సూత్రం ఒక్కటే. ఫ్రెంచ్ శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే 1859లో కనుగొన్న సీసం-ఆమ్లం పద్ధతి అది. ఒక్కొక్కటి సుమారు 2.1 వోల్టులు ఇచ్చే 6 గదులు వరుసగా కలిసి 12 వోల్టుల బ్యాటరీ అవుతుంది. విద్యుత్తును వాడుకుంటున్న కొద్దీ పలకలపై లెడ్ సల్ఫేట్ ఏర్పడుతుంది, ఆమ్లం పలుచబడుతుంది. తిరిగి చార్జ్ చేసినప్పుడు ఈ ప్రక్రియ వెనక్కు మరలుతుంది.

ఖాళీగా ఉంచితే ఏమవుతుంది?

చార్జ్ తగ్గిన బ్యాటరీని వారాల తరబడి అలాగే వదిలివేస్తే మెత్తగా ఉన్న లెడ్ సల్ఫేట్ గట్టి స్ఫటికాలుగా మారుతుంది. వాటిని సాధారణ చార్జింగ్‌తో కరిగించడం కష్టం. పలకలో ఆ మేరకు భాగం పనికిరాకుండా పోయి, బ్యాటరీ సామర్థ్యం శాశ్వతంగా తగ్గుతుంది. దీనినే సల్ఫేషన్ అంటారు. శీతాకాలంలో పాడయ్యే బ్యాటరీల విషయంలో ప్రధాన దోషి ఇదే.

చలి స్వతహాగా బ్యాటరీకి శత్రువు కాదు. ఏ పరికరానికీ కలపకుండా పక్కన ఉంచిన బ్యాటరీ కూడా తనంతట తాను నెలకు కొద్ది శాతం చార్జ్ కోల్పోతుంది. ఉష్ణోగ్రత తగ్గితే ఆ నష్టం కూడా తగ్గుతుంది. అసలు సమస్య, అన్నీ ఆపివేశామని యజమాని భావించిన తరువాత కూడా విద్యుత్తును తీసుకుంటూ ఉండే పరికరాలది. అలారం, ట్రాకర్, రేడియోలోని గడియారం ఈ కోవకు చెందినవే.

ఉదాహరణకు ఇవన్నీ కలిసి 30 మిల్లీఆంపియర్ల విద్యుత్తు మాత్రమే తీసుకుంటున్నాయనుకుందాం. రోజుకు 0.72, నెలకు సుమారు 21.6 ఆంపియర్-అవర్లు ఖర్చవుతాయి. 5 నెలలకు ఆ మొత్తం 108కి చేరుతుంది. అంటే 100 ఆంపియర్-అవర్ల కొత్త బ్యాటరీ సైతం వసంతం రాకముందే పూర్తిగా ఖాళీ అవుతుంది.

గడ్డకట్టే ప్రమాదం

పూర్తిగా చార్జ్ అయిన బ్యాటరీలోని సల్ఫ్యూరిక్ ఆమ్లం మైనస్ 50 డిగ్రీల సెల్సియస్ వద్ద కూడా గడ్డకట్టదు. పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీలోని ద్రవం దాదాపు నీరే గనుక మైనస్ 7 నుంచి మైనస్ 10 డిగ్రీల మధ్యనే గడ్డకట్టగలదు. బ్రిటన్‌లో అటువంటి రాత్రులు అరుదు కాదు. స్కాట్లాండ్‌లోని ఆల్ట్నహారాలో 1995 డిసెంబరు 30న మైనస్ 27.2 డిగ్రీలు నమోదైంది.

ద్రవం గడ్డకట్టి వ్యాకోచిస్తే పలకలు వంగుతాయి, పెట్టె పగులుతుంది. గడ్డకట్టిన బ్యాటరీని ఎట్టి పరిస్థితుల్లోనూ చార్జ్ చేయరాదు. పెట్టెపై పగులు గానీ ఉబ్బు గానీ కనిపిస్తే దానిని మార్చవలసిందే.

వోల్టేజీ ఏం చెబుతుంది?

చవకగా దొరికే డిజిటల్ మల్టీమీటర్‌తో బ్యాటరీ స్థితిని అంచనా వేయవచ్చు. చార్జర్‌ను, పరికరాలను తొలగించి, కనీసం కొన్ని గంటలు, వీలైతే ఒక రాత్రి అలాగే ఉంచి కొలవాలి. చార్జింగ్ ముగిసిన వెంటనే కొలిస్తే అసలు కంటే ఎక్కువ అంకె చూపుతుంది. ద్రవం నింపే రకం బ్యాటరీలకు సుమారు లెక్కలు ఇవి:

12.7 వోల్టులు: పూర్తి చార్జ్
12.4 వోల్టులు: ముప్పాతిక
12.2 వోల్టులు: సగం
12.0 వోల్టులు: పాతిక
11.8 లేదా అంతకంటే తక్కువ: దాదాపు ఖాళీ

12.4 వోల్టులకు దిగిన వెంటనే తిరిగి చార్జ్ చేయడం మంచిది. సగానికి దిగువన వదిలివేయడం ఆయుష్షును హరిస్తుంది.

ఇంటికి తేవాలా, అక్కడే ఉంచాలా?

యజమానుల ముందు రెండు మార్గాలున్నాయి. మొదటిది, బ్యాటరీని విప్పి ఇంటికి తెచ్చి, పూర్తిగా చార్జ్ చేసి, పొడిగా, చల్లగా ఉండే చోట భద్రపరచడం. 4 నుంచి 6 వారాలకు ఒకసారి వోల్టేజీ చూసి, అవసరమైతే చార్జ్ చేస్తే చాలు. కాంక్రీటు నేలపై పెడితే చార్జ్ కారిపోతుందన్న నమ్మకానికి నేటి ప్లాస్టిక్ పెట్టెల విషయంలో ఆధారం లేదు.

అయితే బ్యాటరీని తీసివేస్తే అలారం, ట్రాకర్ పనిచేయకపోవచ్చు. వాటిలోని చిన్న అంతర్గత బ్యాటరీ ఎక్కువ కాలం నిలవదు. ఈ రక్షణ పరికరాలు నిరంతరం పనిచేస్తూ ఉండాలని కొన్ని బీమా పాలసీలు షరతు విధిస్తాయి. ఆ స్థితిలో చోరీ జరిగితే పరిహారమే ప్రశ్నార్థకమవుతుంది. బ్యాటరీని కాపాడబోయి బీమాను కోల్పోకుండా, విప్పేముందు పాలసీ పత్రాన్ని చదవాలి.

రెండవ మార్గం, బ్యాటరీని కారవాన్‌లోనే ఉంచి చార్జ్ నిలపడం. ఇంటి ముంగిట ఉంటే కరెంటు కనెక్షన్ ఇవ్వవచ్చు. అద్దె ఆవరణల్లో ఆ వసతి లేకుంటే నియంత్రికతో కూడిన సౌరఫలకం ఉపకరిస్తుంది. కానీ డిసెంబరు చివరి వారాల్లో లండన్‌లోనే పగటి వెలుగు 8 గంటల లోపు ఉంటుంది. కారవాన్‌పై చలికాలపు ముసుగు కప్పితే పైకప్పు మీది ఫలకం పనిచేయదు. ఏ మార్గం ఎంచుకున్నా నెలకోసారి కొలిచి చూడటం తప్పనిసరి.

చార్జింగ్‌లో జాగ్రత్తలు

దశలవారీగా పనిచేసే స్మార్ట్ చార్జర్ ఇందుకు అనువైనది. అది మొదట వోల్టేజీని సుమారు 14.4 వరకు పెంచి బ్యాటరీని నింపుతుంది. తరువాత 13.5 నుంచి 13.8 మధ్యకు తగ్గి ఆ స్థాయిని నిలుపుతుంది. నియంత్రణ లేని పాత చార్జర్లను రోజుల తరబడి వదిలివేస్తే ద్రవంలోని నీరు ఆవిరై పలకలు బయటపడతాయి.

మూతలు తెరవగలిగే బ్యాటరీల్లో మట్టం తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి, ఆమ్లం పోయరాదు. పలకలు బయటపడి ఉంటే అవి మునిగేంత వరకు పోసి చార్జ్ చేసి, చార్జింగ్ పూర్తయ్యాకే గుర్తు వరకు నింపాలి. ముందే నింపితే చార్జింగ్‌లో మట్టం పెరిగి ఆమ్లం పొంగుతుంది.

చార్జింగ్ సమయంలో హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. గాలిలో దాని పరిమాణం 4 శాతానికి చేరితే నిప్పురవ్వతో పేలే అవకాశం ఉంటుంది. గాలి ఆడే చోటనే చార్జ్ చేయాలి. కారవాన్‌లో ఉంటే వాయువు బయటకు పోయే గొట్టం సరిగ్గా అమర్చి ఉన్నదో లేదో చూడాలి. కుళ్లిన గుడ్ల వాసన వస్తే బ్యాటరీ దెబ్బతిన్నట్లు భావించి చార్జర్‌ను గోడ స్విచ్ వద్దే ఆపి, దూరంగా జరగాలి.

విప్పేటప్పుడు ముందుగా రుణ ధ్రువపు తీగను, ఆ తరువాత ధన ధ్రువపు తీగను తొలగించాలి. బిగించేటప్పుడు ఈ క్రమాన్ని తిరగవేయాలి. 100 ఆంపియర్-అవర్ల బ్యాటరీ 20 కిలోలకు పైగా బరువు ఉండవచ్చు కనుక ఎత్తేటప్పుడు నడుము భద్రం. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు ధరించాలి.

లిథియం బ్యాటరీలకు నియమాలు వేరు

ఇటీవల వాడుకలోకి వస్తున్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలకు పైన చెప్పిన నియమాలు వర్తించవు. వాటిని నిండుగా కాక, సుమారు సగం చార్జ్‌తో నిల్వ ఉంచడం మేలు. సున్నా డిగ్రీల దిగువన చార్జ్ చేస్తే లోపల లోహ లిథియం పేరుకుని శాశ్వత నష్టం కలుగుతుంది. అటువంటి చలిలో చార్జింగ్‌ను అడ్డుకునే రక్షణ వ్యవస్థ ఉన్న బ్యాటరీనే ఎంచుకోవాలి.

తాళం వేసిన ఇంట్లోని ఇన్వర్టర్‌కూ ఇదే పాఠం

తెలుగు రాష్ట్రాల్లో కారవాన్లు అరుదైనా, అదే రసాయన సూత్రంపై పనిచేసే ఇన్వర్టర్ బ్యాటరీలు ఎన్నో ఇళ్లలో ఉన్నాయి. విదేశాల్లోని పిల్లల వద్దకు వెళ్లే తల్లిదండ్రులు నెలల తరబడి ఇంటికి తాళం వేసి, మెయిన్ ఆపివేస్తుంటారు. ఇక్కడి ఎండలకు బ్యాటరీ తనంతట తాను చార్జ్ కోల్పోయే వేగం బ్రిటన్ చలిలో కంటే ఎక్కువ. బయలుదేరే ముందు పూర్తిగా చార్జ్ చేసి, డిస్టిల్డ్ వాటర్ మట్టం సరిచూసి, ఇన్వర్టర్ నుంచి తీగలను వేరు చేయించాలి. నెలకోసారి దానిని చార్జ్ చేసే బాధ్యతను తెలిసినవారికి అప్పగిస్తే మరింత మేలు.

వసంతంలో చేయవలసినది

యాత్రకు ముందు బ్యాటరీని పూర్తిగా చార్జ్ చేసి, ఒక రాత్రి ఉంచి కొలవాలి. 12.6 వోల్టులకు పైన నిలిచి, దీపాలు వేసినప్పుడు వేగంగా పడిపోకుంటే అది ఆరోగ్యంగా ఉన్నట్లే. ఎంత చార్జ్ చేసినా 10.5 వోల్టుల వద్దనే ఆగితే ఒక గది పూర్తిగా చెడిపోయి ఉండవచ్చు. పనికిరాని బ్యాటరీలో విషపూరితమైన సీసం, ఆమ్లం ఉంటాయి కనుక చెత్తలో పడవేయరాదు. బ్రిటన్‌లో వాటిని పునర్వినియోగ కేంద్రాలకు అప్పగించాలి. భారత్‌లో 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు పాత బ్యాటరీల సేకరణ బాధ్యతను ఉత్పత్తిదారులపై ఉంచాయి.