మానేటి గాలానికి ఎర: వానపాము నుంచి మెత్తని ప్లాస్టిక్ వరకు

గోదావరి ఉపనది అయిన మానేరుపై బోయినపల్లి మండలంలోని మాన్వాడ వద్ద మధ్య మానేరు జలాశయం నిండక ముందు, ఈ ప్రాంతపు గాలపు వేట చెరువుల్లో, వాగు మడుగుల్లో సాగేది. గాలానికి గుచ్చే ఆహారాన్ని, అంటే ఎరను, వేటగాడు చేపను బట్టి ఎంచుకునేవాడు: రవ్వ, బొచ్చె వంటి చేపలకు పిండి ముద్ద, కొర్రమీనుకు వానపాము లేదా చిన్న కప్ప.

తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమీను వేటాడి తినే జాతి; అది గాలి పీల్చుకోవడానికి నీటిపైకి వస్తూ, నాచు, తుంగ పెరిగిన లోతు తక్కువ నీటిలో పొంచి ఉంటుంది. అందువల్ల అమెరికాలో ఇలాగే పొంచి వేటాడే బాస్ చేప కోసం పుట్టిన మెత్తని ప్లాస్టిక్ ఎరలను కొర్రమీను ఎరలతో పోల్చి చూడడం సమంజసం. ఒహాయోలోని ఆక్రన్‌లో నిక్ క్రీమ్ 1949లో వానపాము ఆకారపు ప్లాస్టిక్ ఎరను రూపొందించాడు. పాలీవినైల్ క్లోరైడ్‌కు మెత్తదనమిచ్చే ద్రవాన్ని కలిపి, వేడిచేసి, అచ్చులో పోసి ఇటువంటి ఎరలను తయారుచేస్తారు. సన్నని దారం, చిన్న ఎర, నెమ్మదైన కదలికలతో సాగే సున్నితపు వేట, అంటే ఫినెస్, వీటితో విస్తరించింది.

సజీవమైన వానపాముకు వాసన, కదలిక సహజమైనవి. ప్లాస్టిక్‌లో ఆ కదలికను వేటగాడి చేయి కల్పించాలి. పొడవైన ప్లాస్టిక్ వానపాము కంటే, గాలపు మొన నాచుకు చిక్కకుండా దాచుకునే బోలు కప్ప బొమ్మే కొర్రమీను మడుగులకు తగినది. తెగిన ప్లాస్టిక్ ముక్క మాత్రం వానపాములా నీటిలో కుళ్లిపోదు, కనుక దానిని ఏరి గట్టుకు తేవడం వేటలో భాగం కావాలి.