శిలాజంలో ‘జ’

పంకజం బురదలో పుట్టింది. జలజం నీటిలో పుట్టింది. అండజం గుడ్డులోంచి పుట్టింది. మరి శిలాజం? రాతిలో ఏ ప్రాణీ పుట్టదు, చచ్చాక రాతిలో చేరుతుంది. ఈ ‘జ’ నన్ను చాలాకాలం వేధించింది.

‘జ’ చేర్చడానికి పాణిని ముఖ్యంగా రెండు దారులు చూపాడు. ‘ఫలానా చోట పుట్టినది’ అని సప్తమితో ఒకటి, ‘ఫలానా దాని నుంచి పుట్టినది’ అని పంచమితో ఇంకొకటి. ఏ దారిన వెళ్లినా రాయి పుట్టిల్లే అవుతుంది, సమాధి కాదు.

శిలాజిత్తును చూసి తికమక పడనక్కర్లేదు. అందులో ఈ ‘జ’ లేదు. దాని అసలు రూపం శిలాజతు. జతువు అంటే లక్క; పాండవుల కోసం కట్టిన జతుగృహంలో ఉన్నది ఆ జతువే. కొండరాళ్ల పగుళ్లలోంచి కారే జిగురు కాబట్టి అది రాతిలక్క.

సంస్కృత నిఘంటువు తిరగేస్తే శిలాజమంటే ఇనుమని కూడా ఉంటుంది. రాతిలో దొరికేదానికల్లా చెల్లిన మాట అన్నమాట. ఇంగ్లీషువారి ఫాసిల్ కథ కూడా ఇదే. తవ్వడమనే అర్థమున్న లాటిన్ ధాతువు నుంచి వచ్చిన మాట అది. తవ్వి తీసింది ఏదైనా ఫాసిలే. 1546లో జార్జియస్ అగ్రికోలా ఫాసిళ్ల మీద రాసిన గ్రంథంలో రత్నాలూ, ఖనిజాలూ, మట్టి రకాలూ కూడా ఉన్నాయి.

చీర అంటే ఒకప్పుడు ఏ బట్టయినా. తర్వాత ఆడవాళ్ల కట్టుకే మిగిలింది. భాషావేత్తలు అర్థసంకోచం అనేది దీన్నే. ఫాసిల్ విషయంలో ఆ సంకోచానికి కారణం ఉంది: తవ్వి తీసిన రాళ్లలో కొన్ని ఒకప్పుడు బతికినవని మనిషికి తెలిసింది. జ్ఞానం పెరిగింది, మాట ఇరుకైంది.

ఆ తెలివిడికి ఒక పన్ను సాయపడింది. మాల్టా మొదలైన చోట్ల దొరికే నున్నటి ముక్కోణపు రాళ్లను యూరప్‌లో నాలుకరాళ్లు అనేవారు. విషానికి విరుగుడని ఒంటిమీద ధరించేవారు. 1666లో లివోర్నో దగ్గర ఒక పెద్ద సొరచేప పడితే, దాని తలను ఫ్లోరెన్స్‌కు తెచ్చారు. శరీరనిర్మాణ శాస్త్రవేత్త నికోలస్ స్టెనో దాన్ని కోసి చూశాడు. నోటినిండా నాలుకరాళ్లే! మరుసటి ఏడాది ఆ సంగతి అచ్చువేశాడు. అంతకాలం నాలుక అనుకున్నది పన్ను.

పంటి దగ్గర కాసేపు ఆగాలి. సంస్కృతంలో పన్ను కూడా ద్విజమే. దంతాలనూ, విప్రులనూ, పక్షులనూ అమరసింహుడు ఒకే మాట కింద చేర్చాడు. పక్షి గుడ్డుగా ఒకసారి, పిల్లగా ఒకసారి పుడుతుంది. విప్రుడికి ఉపనయనం రెండో పుట్టుక. పన్ను ఊడి మళ్లీ వస్తుంది.

ఈ మాట కట్టినవాడు మనిషి నోరే చూసి ఉంటాడు. సొరచేప నోరు చూస్తే ద్విజమనలేడు. అది బతికినంతకాలం వేలకొద్దీ పళ్లు రాల్చుకుంటూ కొత్తవి మొలిపించుకుంటుంది. నాలుకరాళ్లు అన్ని దొరకడానికి కారణం అదే. మొసలికీ పళ్లు మళ్లీ మళ్లీ వస్తాయి. రెండే విడతలు అనే కట్టుబాటు క్షీరదాలది. పైపన్నూ కిందిపన్నూ ఒకదానిలో ఒకటి కుదురుకుని నమలాలంటే మాటిమాటికీ ఊడితే సాగదు. దవడ పెరిగేదాకా పసిదాన్ని తల్లిపాలు గట్టెక్కిస్తాయి. మన తెలుగువాళ్లు ఆ మొదటి పన్నును పాలపన్ను అన్నారు. పాలకూ పంటికీ ఉన్న ఆ పాత చుట్టరికం పిల్లలు పలికే మాటలోనే ఉంది!

ఆ చుట్టరికపు తొలిరోజుల జాడలు మన గోదావరి-ప్రాణహిత లోయలో ఉన్నాయి. ప్రాణహిత ఒడ్డున కోట అనే ఊరుంది. జురాసిక్ కాలపు రాతిపొరలకు దాని పేరే పెట్టారు. ఆ పొరల్లో దొరికిన ఒక పన్ను ఆధారంగా 1981లో పి.ఎం. దత్తా ఒక ఆదిమ క్షీరదానికి కోటథీరియం హాల్డేనై అని పేరు పెట్టాడు. థీరియం గ్రీకుమాట, మృగమని అర్థం. మన కోట, గ్రీకు మృగం, 1957లో ఇండియాకు వచ్చి స్థిరపడిన జీవశాస్త్రవేత్త హాల్డేన్, ముగ్గురూ ఒక పంటి మీద కలిశారు. బల్లి పన్ను సాధారణంగా సాదా మొన. ఎన్నో మొనలుండి, ఎదుటి పంటితో కుదిరే దవడపన్ను క్షీరదాన్ని పట్టిస్తుంది.

అవే పొరల్లోని రాక్షసబల్లికి 1988లో పి. యాదగిరి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టాడు. మన పల్లి లాటిన్ తోక తగిలించుకుంది. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. పిల్లలు దాని చుట్టూ మూగడం సహజమే. కానీ మన వంశం వైపు చూపు తిప్పేది ఆ చిన్న పన్నే.

ఇక ‘జ’ సంగతి. పూడుకుపోయిన ఎముకలోని సన్నటి రంధ్రాల్లోకి నీటితో ఖనిజాలు చేరతాయి. కొన్నిచోట్ల అసలు పదార్థం కరిగిపోయి వాటికే చోటిస్తుంది. ఆకారం పాతది, ఒళ్లు కొత్తది. ఆ కొత్త ఒళ్లు రాతిలోనే పుట్టింది. పాణిని సప్తమి నిలబడింది. ద్విజమైన పంటికైతే ఇది మూడో పుట్టుక.

మాటలకూ ఈ గతి ఉంది. పలువరుసలో ‘పలు’ అంటే అనేకం కాదు, పన్ను. తమిళుల ‘పల్’ అదే. విడిగా మనం ‘పన్ను’ అంటున్నా, సమాసంలో ఇరుక్కున్న పాత రూపం చెక్కుచెదరలేదు. కన్నడంలో మాట మొదటి పకారం హకారమైంది: పులి హులి అయింది, పల్లి హళ్ళి అయింది. పాలపన్నును తమిళుడు పాల్‌పల్ అంటాడు. కన్నడిగుడి నోట్లో అది రెండుచోట్లా మారి హాలుహల్లు అయింది.